పద్దుకెక్కని ఇత్తడి

మా అల్లుడి రైఫిల్ పేలిపోలేదు. పేలిపోనందుకు మా అమ్మాయి ఆంజనేయుడికి వడమాల మొక్కుకుంది. పేలిపోయే పరిస్థితి తెచ్చిపెట్టింది మాత్రం నేను. ఈ మూడు వాక్యాలకూ ఒకదానితో ఒకటికి ఉన్న సంబంధం చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా సంఘం సమావేశంలో ఒకసారి ఈ సంగతి నోటితో చెప్పాను. మిత్రులు నవ్వారు. నేనే నవ్వొచ్చేటట్టు చెప్పి ఉంటాను. ఈసారి అలా కాకుండా, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

ముందు నా సంగతి రెండు మాటలు. వరంగల్లులో బి.కాం. చదివి, 1983లో రక్షణ శాఖ అకౌంట్స్‌లో ఆడిటరుగా చేరాను. 2020లో పదవీ విరమణ చేశాను. ముప్పై ఏడేళ్ళు తుపాకుల లెక్కలు, తూటాల లెక్కలు రాశాను గానీ ఒక్కసారి కూడా ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. పెట్టాలని అనిపించనూ లేదు. ఇప్పుడు సూరత్‌లో, వరాఛాలో, మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. సూరత్‌లో తెలుగువాళ్ళంటే లింబాయత్, ఉధ్నా వైపు తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలే అందరికీ గుర్తుకొస్తాయి. వరాఛా వేరు. ఇది సౌరాష్ట్ర నుంచి వచ్చిన పటేళ్ళ పేట, వజ్రాల పేట. మా అబ్బాయి ఒక వజ్రాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు కాబట్టి మేమూ ఇక్కడికే చేరాం.

మా బాల్కనీకి ఎదురుగా ఒక చిన్న వజ్రాల కార్ఖానా ఉంది. తిరిగే సానపట్టు చక్రాన్ని ఇక్కడ ఘంటి అంటారు. దాని చుట్టూ నలుగురు కూర్చుంటారు. రాయిని చక్రానికి ఆనించడం, కొద్ది సెకన్లకే ఎత్తి భూతద్దంలో చూడడం, మళ్ళీ ఆనించడం, మళ్ళీ చూడడం. పొద్దున టీ తాగుతూ వీళ్ళను చూడడం నాకు అలవాటు. అరిగింది మళ్ళీ అతకదు కదా, అందుకే అన్నిసార్లు చూస్తారు. నిన్న చేసిన పది రాళ్ళు బాగా వచ్చాయి కాబట్టి ఈ పదకొండోది చూడక్కర్లేదు అని వీళ్ళలో ఎవరూ అనుకోగా నేను చూడలేదు. ఆ మాట అనుకున్నది కామర్స్ చదివి, ఆడిట్ చేసి, హేతువాదిననిపించుకున్న నేను.

వరాఛా పక్క నుంచే తాపీ నది పోతుంది. ఆ నది వెంట ఎగువకు, తూర్పుగా, మహారాష్ట్రలోకి పోతే భుసావల్ వస్తుంది. ఆ పక్కనే వరణ్‌గావ్. 1962 చైనా యుద్ధం తర్వాత పెట్టిన ఆయుధ కర్మాగారాల్లో ఒకటి అక్కడుంది. రైఫిల్ తూటాలు చేస్తుంది. 2021 అక్టోబరు 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలన్నిటినీ ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు అది పుణె కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. నేను అక్కడి అకౌంట్స్ ఆఫీసులో ఉన్న రోజుల్లో ఇవేవీ లేవు. 1984లో నాకు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగం కొత్త, చేతిలో ఎర్ర పెన్సిలు కొత్త.

అప్పట్లో అక్కడ మాట్లాడే తూటా 7.62. పూర్తి పేరు 7.62×51. మొదటి అంకె తుపాకీ గొట్టం లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఇత్తడి కేసు పొడవు. అంటే పొడవు అనేది తూటా పేరులోనే ఉంది. అది నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది వేరే. షాపుకు ఇచ్చిన ఇత్తడి ఎంత, తయారై వచ్చిన కేసుల్లో ఉన్న ఇత్తడి ఎంత, తురుముగా తిరిగి స్టోర్సుకు వచ్చింది ఎంత అని లెక్క వేశాను. తురుము చాలా కనిపించింది. కేసును కావాల్సిన దానికన్నా పొడుగ్గా లాగి, ఆ మిగులును కోసి తురుము చెయ్యడం ఎందుకు, మొదటే సరిపడా పొడవుకు లాగితే ఇత్తడి మిగులుతుంది కదా అని ఒక పేజీ రాశాను. ప్రభుత్వానికి సొమ్ము మిగిల్చే మొదటి అవకాశం వచ్చిందని నా సంబరం.

ఆ కాగితం పట్టుకుని షాపు నుంచి ఒక చార్జ్‌మన్ వచ్చాడు. పెద్దాయన, మరాఠీ మనిషి. కోప్పడలేదు. ఒకసారి రమ్మని వెంట తీసుకుపోయాడు. ఇత్తడి బిళ్ళను గిన్నెలా ఒత్తి, ఆ గిన్నెను ఒకదాని తర్వాత ఒకటిగా సన్నని అచ్చుల్లోంచి లాగి గొట్టం చేస్తారు. లాగిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్య కొలిమిలో వేడిచేసి మెత్తబరుస్తారు. అలా లాగి వచ్చిన గొట్టం ఒకటి నా చేతిలో పెట్టాడు. దాని మూతి చదునుగా లేదు. అలలు అలలుగా, ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. ఇత్తడి రేకును రోలింగ్ చేసేటప్పుడు ఏర్పడిన పోగు వల్ల ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ సాగుతుందట.

"బాబూజీ, దీని పొడవు ఎక్కడ కొలుస్తారు? కొన దగ్గరా, గుంట దగ్గరా?" అన్నాడు హిందీలో.

నా దగ్గర జవాబు లేదు. గుంట కన్నా కింద కోస్తేనే మూతి సమం అవుతుంది. అంటే పైన ఉన్నదంతా తురుము కావలసిందే. నా కాగితం నేనే వెనక్కి తీసుకున్నాను. ఆయన పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. కోసిన ఇత్తడి ఎక్కడికీ పోదు, మీ పద్దులోనే ఉంటుంది, కొయ్యని ఇత్తడితోనే భయం, అది ఏ పద్దులోనూ కనిపించదు అని. అప్పుడు అది గడుసు మాటలాగే వినిపించింది. దాని అర్థం తెలియడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

2022 సెప్టెంబరులో నేనూ నా భార్యా కెనడాలోని కాల్గరీకి, మా అమ్మాయి దగ్గరికి పోయాం. మా అల్లుడిది కరీంనగర్, ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. అక్కడ పొలాల్లో ఒక రకం నేల ఉడతలు ఉంటాయి, గోఫర్లు అంటారు. బొరియలు తవ్వి పంటనూ పచ్చికనూ పాడు చేస్తాయని, ఆ బొరియల్లో పడి పశువుల కాళ్ళు విరుగుతాయని, లైసెన్సు ఉన్న వాళ్ళను కొందరు రైతులే రమ్మంటారు. మా అల్లుడికి ఆ లైసెన్సు ఉంది, .223 అనే చిన్న క్యాలిబర్ బోల్ట్ రైఫిల్ ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, కాల్చిన తూటాలను ఇంట్లో మళ్ళీ నింపుకునే పిచ్చి ఉంది. అక్కడి చట్టం సొంత వాడకానికి దాన్ని ఒప్పుకుంటుంది. మన దగ్గర 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చెయ్యడం నేరం. ఇది చదివి ఎవరూ ఉత్సాహపడకండి.

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బుల్లెట్. కాల్చినాక మిగిలేది కేసు ఒక్కటే. ఖరీదైనదీ అదే. అందుకే దాన్ని ఏరుకొచ్చి మళ్ళీ వాడతారు. కాల్చినప్పుడు కేసు ఉబ్బి రైఫిల్ చాంబర్ గోడలకు ఒత్తుకుంటుంది. మళ్ళీ వాడాలంటే దాన్ని ఒక ఉక్కు అచ్చులో నొక్కి పాత కొలతకు తేవాలి. నొక్కినప్పుడు ఇత్తడి ఎటు పోతుంది? అడుగు మందం, కదలదు. కాబట్టి మూతి వైపు సాగుతుంది. ఇలా కాల్చినకొద్దీ, నొక్కినకొద్దీ కేసు పొడవు పెరుగుతుంది. .223 కేసు గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు. దాటితే 1.750కి కోస్తారు. అంగుళంలో వెయ్యో వంతును షాపుల్లో థౌ అంటారు. అంటే మొత్తం వ్యవహారం పది థౌల మీద నడుస్తుంది, పావు మిల్లీమీటరు.

పావు మిల్లీమీటరుకు ఇంత రాద్ధాంతమా అని నేనూ అడిగాను. అల్లుడు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. చాంబర్‌లో కేసు మూతికి కేటాయించిన చోటు ఒక అంచు దగ్గర అయిపోతుంది. ఆపైన బుల్లెట్ మాత్రమే పట్టేంత ఇరుకు. కేసు పొడుగైతే దాని మూతి ఆ ఇరుకులోకి దూరి బుల్లెట్ చుట్టూ బిగుసుకుంటుంది. మందు మండినప్పుడు మూతి విచ్చుకుని బుల్లెట్‌ను వదలాలి. విచ్చుకునే చోటు లేదు. వదలదు. లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ ఒత్తిడికి ముందు ఉన్నది ఉక్కు, వెనక ఉన్నది కాల్చేవాడి మొహం.

అక్టోబరు ముగిసేసరికి బయట మంచు. ఉడతలు నిద్రలోకి పోయాయి, మార్చి దాకా లేవవు. అల్లుడు బేస్‌మెంట్‌లో బల్ల మీద పని మొదలుపెట్టాడు. రోజూ టీవీ ముందు కూర్చుని ఏం చేస్తాను, నేను కొలుస్తాను, కోస్తాను అన్నాను. మందు దగ్గరికి, ప్రైమర్ల దగ్గరికి నేను పోను, అది ఆయన పని. ఖాళీ కేసులు నావి.

ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. చేతితో తిప్పే చిన్న లేతులాంటి పనిముట్టు. కేసు అడుగును ఒక పట్టులో బిగించాలి, మూతిలోకి ఒక సన్నని కడ్డీ దూర్చాలి, పిడి తిప్పితే కత్తెర నెమ్మదిగా మూతిని తింటుంది. పెట్టిన హద్దు రాగానే ఆగిపోతుంది. తురుము వెంట్రుకల్లా రాలుతుంది. తర్వాత మూతి లోపలి అంచూ బయటి అంచూ గీకి నునుపు చెయ్యాలి, లేకపోతే ఆ గరుకు బుల్లెట్‌ను గీరుతుంది. డిజిటల్ వెర్నియర్ పెట్టి కొలిస్తే 1.750. తర్వాతది 1.750. ఆ తర్వాతది 1.749. ముప్పై ఏడేళ్ళు నేను రాసిన ఇత్తడంతా కాగితం మీది ఇత్తడి. చేతికి తగిలింది ఇదే మొదటిసారి.

వరస కూడా ముఖ్యం. ముందు అచ్చులో నొక్కాలి, ఆ తర్వాతే కొలవాలి. ముందు కోసి తర్వాత నొక్కితే పొడవు మళ్ళీ పెరుగుతుంది. మూసేసిన ఖాతాలో పద్దు వేసినట్టు.

బల్ల పైన గోడకు చిన్న ఆంజనేయుడి పటం ఉంది, మా అమ్మాయి పెట్టింది. దసరాకు ఆయుధపూజ చేసి రైఫిల్ పెట్టెకు, ప్రెస్సుకు, చివరికి నా వెర్నియర్‌కు కూడా కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఏమీ అనలేదు. బొట్టు పెట్టినందుకు వెర్నియర్ తప్పు చూపించదు, ఒప్పూ చూపించదు. ఫ్యాక్టరీల్లో కూడా యంత్రాలకు పూజలు చేసేవాళ్ళు, తర్వాత గేజీలు పెట్టి కొలిచేవాళ్ళు. కొలవడం మానేసి పూజ చేస్తే అప్పుడు గొడవ పడాలి. ఇది నా అభిప్రాయం. మా సంఘంలో కొందరికి ఇది నచ్చదు.

మొత్తం నాలుగు వందల చిల్లర కేసులు. మొదటి రెండు సాయంత్రాలు ప్రతిదీ కొలిచాను. రెండు వందల యాభై దాకా అయ్యాయి. అన్నీ హద్దులోనే ఉన్నాయి, నాలుగైదు మాత్రమే కొయ్యాల్సి వచ్చింది. మూడో సాయంత్రం నడుము నొప్పి. ఆ రోజు ఇండియా మ్యాచ్ కూడా ఉంది. మిగిలిన బకెట్‌లోంచి పదికి ఒకటి చొప్పున తీసి కొలిచాను. పదిహేను కొలిచాను, పదిహేనూ సరిగా ఉన్నాయి. మిగిలినవి కొలిచినవాటి డబ్బాలో కలిపేశాను. ఆడిట్‌లో దీన్ని టెస్ట్ చెక్ అంటాం. వెయ్యి ఓచర్లు ఉంటే వంద చూస్తాం. అది దొంగపని కాదు, ఒప్పుకున్న పద్ధతి.

కానీ ఆ పద్ధతికి ఒక షరతు ఉంది. సరుకంతా ఒకే రకంగా పుట్టి ఉండాలి. ఫ్యాక్టరీలో లాట్ అంటే ఒకే ఇత్తడి, ఒకే యంత్రం, ఒకే షిఫ్టు, దానికో నంబరు. అక్కడ పది చూసి తొంభై గురించి చెప్పవచ్చు. ఈ బకెట్ అలాంటిది కాదు. మొదటి రెండు వందల యాభై అల్లుడు కొత్తగా కొని ఒకసారి కాల్చినవి. ఈ మూడో బకెట్ ఆయన స్నేహితుడు రేంజ్‌లో ఏరి ఇచ్చినవి. ఏ కేసు ఎవరి తుపాకీలో ఎన్నిసార్లు కాలిందో, ఎన్నిసార్లు నొక్కించుకుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి అల్లుడు నాకు చెప్పాడు. నేను విన్నాను కూడా. మొదటి బకెట్ బాగుంది కాబట్టి మూడోదీ బాగుంటుంది అనుకున్నాను. మూడుసార్లు మొక్కితే మూడుసార్లు పని అయింది కాబట్టి నాలుగోసారీ అవుతుంది అనే మనిషిని నేను ఎన్ని మీటింగుల్లో ఎగతాళి చేశానో లెక్క లేదు.

కాల్గరీలో చలికాలం మధ్యలో ఒక్కోసారి పడమటి కొండల మీదుగా వెచ్చని గాలి వీస్తుంది, చినూక్ అంటారు. గడ్డకట్టిన ఊరు ఒక్క పూటలో కరిగిపోతుంది. డిసెంబరులో అలాంటి ఒక శనివారం అల్లుడు కొత్తగా నింపిన తూటాలు కొన్ని తీసుకుని రేంజ్‌కు పోయాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు, మామూలుగా ఉండే హుషారు లేదు. ఒక తూటాకు బోల్టు సరిగా మూసుకోలేదట. బలంగా నొక్కి మూశాడు. కాల్చితే భుజానికి గట్టిగా తన్నింది. బోల్టు పైకి లేవలేదు, అరచేత్తో కొట్టి లేపాల్సి వచ్చింది. కేసు అడుగున ప్రైమర్ పెనం మీద దోసెలా చదునైపోయింది. వెంటనే ఆపేసి వచ్చాడు.

మా అమ్మాయి మొహం తెల్లబోయింది. వెంటనే పటం ముందు నిలబడి దండం పెట్టుకుంది. "ఆయనే కాపాడిండు" అంది. వచ్చే శనివారం గుళ్లో వడమాల అని అప్పుడే అనుకుంది.

అల్లుడు మాత్రం కారణం వెతకడం మొదలుపెట్టాడు. ఇంజనీరు కదా. మందు తూచే త్రాసు తప్పిందేమో అని తూనికరాళ్ళు పెట్టి చూశాడు. సరిగానే ఉంది. అయినా దాని మీదే అనుమానం. వేరే త్రాసు కొనాలన్నాడు. మా అమ్మాయి "మరి ఆ ఇత్తడివి చూడరాదూ" అంది. అప్పుడాయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"కేసుల గురించి అనుమానం లేదు. అవి మామయ్య కొలిచిండ్రు."

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఏమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరుకుంటే ఏమవుతుంది అని లెక్క వేశాను. దేవుడికి ఒక వడమాల ఖర్చు. త్రాసుకు ఒక చెడ్డపేరు. నా ఖాతాలో ఏమీ లేదు. చెబితే? అల్లుడి ఇంట్లో మామ చులకన అవుతాడు. ఏడాది పొడుగునా రుజువులు, ఆధారాలు అని ఉపన్యాసాలిచ్చే మనిషి మ్యాచ్ కోసం కొలవకుండా కలిపేశాడని కూతురికి తెలుస్తుంది. ఊరుకోవడమే లాభం. ఒక్కటే ఇబ్బంది. బేస్‌మెంట్‌లో ఆ డబ్బాలోని కేసులతో నింపిన తూటాలు ఇంకా నూట నలభై ఉన్నాయి. మార్చిలో మేం సూరత్ వచ్చేస్తాం. ఏప్రిల్లో ఉడతలు లేస్తాయి. దేవుడు కాపాడాడన్నా, త్రాసు తప్పిందన్నా, అసలు కారణం ఆ పెట్టెల్లో అలాగే కూర్చుని ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది వరణ్‌గావ్ చార్జ్‌మన్ మాట. కొయ్యని ఇత్తడి ఏ పద్దులోనూ కనిపించదు.

ఒక పిచ్చి ఆలోచన కూడా వచ్చింది, దాచను. రాత్రికి రాత్రే కిందికి దిగి, ఆ నూట నలభై తూటాలూ నేనే విప్పి, కొలిచి, చప్పుడు లేకుండా సరిచేస్తే? తూటా నుంచి బుల్లెట్ ఊడదీయడానికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. తూటాను దాని తలలో బిగించి నేలకు గట్టిగా కొడితే ఆ అదురుకు బుల్లెట్ జారి వస్తుంది. నూట నలభై తూటాలు, ఒక్కోదానికి రెండు మూడు దెబ్బలు. అర్ధరాత్రి మంచులో ఇల్లంతా లేస్తుంది. పైగా మందు దగ్గరికి పోనన్నది నా మాటే. పక్కన నా భార్య లేచి "ఏంది, ఎందుకు కూసున్నవు?" అంది. చెప్పాను. అంతా విని, "పొద్దున చాయ్ తాగంగ చెప్పు. ఇప్పుడు పండు" అంది. ముప్పై ఆరేళ్ళ సంసారంలో అంత సూటిగా నాకు ఎవరూ ఆడిట్ నోటు రాయలేదు.

పొద్దున చెప్పాను. మొదటి రెండు బకెట్లు ప్రతిదీ కొలిచాను, మూడోది పదికి ఒకటే కొలిచాను, మిగతావి కొలవలేదు అని. అల్లుడు కొంచెంసేపు కప్పు వైపు చూశాడు. తర్వాత కిందికి పోయి, నిన్న కాల్చిన కేసు తెచ్చి నా ముందే వెర్నియర్‌లో పెట్టాడు. 1.780. గరిష్ఠానికి ఇరవై థౌలు ఎక్కువ. ఇద్దరం ఆ అంకె వైపు చూస్తూ ఉన్నాం.

"బోల్టు పడనప్పుడు ఆపి చూడాల్సింది మామయ్యా. నేను బలంగా దించిన. అది నా తప్పు" అన్నాడు. ఆయన మంచితనం అది. కానీ ఆయన తప్పు నా తప్పును తగ్గించదు. రెండూ వేర్వేరు పద్దులు.

రెండు రోజులు సుత్తి చప్పుడుతో ఇల్లు దద్దరిల్లింది. ఆయన బుల్లెట్లు ఊడదీయడం, మందు వేరే గిన్నెలో పోయడం, నేను ప్రతి కేసూ కొలవడం. నూట నలభైలో తొమ్మిది హద్దు దాటాయి. అన్నిటికన్నా పొడుగుది 1.784. నా పదిహేనులో ఆ తొమ్మిదిలో ఒక్కటీ పడలేదు. అలా పడకుండా పోయే అవకాశం తక్కువేమీ కాదని లెక్క వేస్తే తెలుస్తుంది. లెక్క వెయ్యడం నాకు రాక కాదు.

ఆ తొమ్మిదీ కోస్తుంటే అల్లుడు ఆపాడు. ఒక సన్నని తీగ కొనను కొక్కెంలా వంచి, కేసు లోపలికి దింపి, అడుగుకు కొంచెం పైన గోడ వెంబడి నెమ్మదిగా లాగమన్నాడు. లాగాను. నాలుగింటిలో తీగ కొన ఒకచోట చిన్న గాడిలో పడి టక్కుమంది. అక్కడ గోడ పల్చబడింది. ఇంకొకటి రెండు సార్లు కాలిస్తే ఆ చోట కేసు రెండు ముక్కలవుతుందట.

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. మూతి దగ్గర పెరిగిన ఇత్తడి ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి విబూది తీసే బాబాల దగ్గరే వస్తువు ఊరికే పుడుతుంది. మూతి దగ్గర జమ అయిందంటే ఇంకెక్కడో ఖర్చు పడింది. గోడలో పల్చబడిందే మూతి దగ్గర పొడవుగా తేలింది. కోసేటప్పుడు మనం చూసేది మిగులు అనుకుంటాం. అది మిగులు కాదు, లోపలి నుంచి తరిగిన మూలధనం. బి.కాం. మొదటి ఏడాది చెప్పిన జంట పద్దు ఇదే. వరణ్‌గావ్‌లో తురుము తూచి సంబరపడ్డ కుర్రాడికి ఈ రెండో పద్దు కనిపించలేదు.

ఆ నాలుగూ నలిపి తుక్కులో వేశాం. తర్వాత నేను అల్లుడికి ఒక పట్టిక తయారు చేసి ఇచ్చాను. ప్రతి లాట్‌కు ఒక పేజీ, ప్రతి కేసుకు ఒక వరుస. ఎన్నోసారి కాల్చినది, నొక్కిన తర్వాత పొడవు, కోసింది ఎన్ని థౌలు, ఇప్పటిదాకా కోసిన మొత్తం, తీగ పరీక్ష. కోసిన మొత్తం ముప్పై థౌలు దాటితే కేసు రద్దు. అది మా ఇద్దరి సొంత నియమం, ఏ పుస్తకంలోదీ కాదు. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని కేసులను ఆయన ఇప్పుడు తీసుకోవడం లేదు.

శనివారం వడమాల జరిగింది. నేను కూడా పోయాను, బయట బెంచీ మీద కూర్చున్నాను. వస్తూ కారులో మా అమ్మాయితో అన్నాను. చూడమ్మా, కారణం దొరికింది కదా, కొలత తప్పింది, అంతే కదా, ఇంక ఇందులో ఆంజనేయుడు ఎక్కడున్నాడు అని. తను ఆలోచించకుండానే చెప్పింది. "నీతోని నిజం చెప్పిచ్చింది ఎవరు బాపూ?"

దీనికి నేను ఏం చెప్పాలి? మీ అమ్మ అని చెప్పాను. తను నవ్వింది, ఒప్పుకోలేదు. తప్పని రుజువు చెయ్యడానికి వీల్లేకుండా కట్టిన మాటతో వాదించి లాభం లేదని మీ అందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఇంకో సంగతి కూడా ఉంది. తన నమ్మకం ఎవరినీ ప్రమాదంలో పెట్టలేదు. నా నమ్మకం పెట్టింది. పదిహేను చూసి నూట యాభైని నమ్మడం కూడా నమ్మకమే, కాకపోతే దానికి మనం గుడి కట్టలేదు. ప్రసాదం వడలు బాగున్నాయి. మిరియాలు సరిగా పడ్డాయి.

2023 మార్చిలో తిరిగి వచ్చేటప్పుడు గుర్తుగా ఒక ఖాళీ కేసు తీసుకుపొమ్మని అల్లుడు అన్నాడు. వద్దన్నాను. మన ఆయుధ చట్టంలో తూటా భాగాలు కూడా తూటా కిందికే వస్తాయి. ఈ వయసులో విమానాశ్రయంలో నిలబడి ఇది జ్ఞాపకచిహ్నం అని వాదించే ఓపిక నాకు లేదు. వెర్నియర్ మాత్రం తెచ్చుకున్నాను. దాని మీద కుంకుమ మరక ఇంకా ఉంది. వరాఛాలో కొలవడానికి ఏముంది? మనవడు పెన్సిళ్ళు కొలుస్తాడు, బిస్కెట్లు కొలుస్తాడు. ఒకే పొట్లంలో రెండు బిస్కెట్లు ఒకే మందం లేవని మొన్న పెద్ద గొడవ చేశాడు.

నెలకోసారి అల్లుడు తన పట్టిక ఫోటో తీసి పంపిస్తాడు. నేను బాల్కనీలో కూర్చుని అన్ని వరుసలూ చూస్తాను. పదికి ఒకటి కాదు. గత నెల వచ్చిన దాంట్లో ముప్పై ఏడో వరుస ఖాళీగా ఉంది. అక్కడ రాత్రి అని తెలిసి కూడా ఫోన్ చేశాను.

"అది మూతి దగ్గర పగిలింది మామయ్యా, పారేసిన" అన్నాడు.

"పారెయ్యండి. కానీ పారేసినట్టు రాయండి" అన్నాను.

ఐదు నిమిషాల్లో మళ్ళీ ఫోటో వచ్చింది. ముప్పై ఏడో వరుసలో ఎర్ర సిరాతో, మూతి పగులు, రద్దు, తేదీ.